వాక్ పెడితే లోగోలు కూడా దిగుతున్నయి, ఐటర్_అటాచ్‌మెంట్స్ పెడితే బిల్లులే మాయం

రాణీగంజ్_స్పేర్స్:

అన్నలకు, అక్కలకు నమస్తే. రాణీగంజ్‌ల మెషిన్ స్పేర్ పార్టుల దుకాణం కోసం రాస్తున్న స్క్రిప్ట్ ఇది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి యూనిట్ల జీఎస్టీ బిల్లులన్నీ ఒకే మెయిల్ బాక్సుకు వస్తయి. వాటిల నుంచి బిల్లు పీడీఎఫ్‌లు మాత్రమే ఏరి ఒక ఫోల్డర్‌ల పెట్టాలె. పైథాన్ 3.11, దానితోనే వచ్చే ఈమెయిల్ లైబ్రరీ. ఐమ్యాప్‌తోని మెయిల్ దించి, బైట్లను స్ట్రింగ్ చేసి, మెసేజ్_ఫ్రమ్_స్ట్రింగ్‌కు ఇచ్చి, ముందుగాల ఇట్ల తిప్పిన. కోడ్ పదాలు కూడా తెలుగులనే కొడుతున్న, అర్థం చేసుకోండి:

ఫర్ భాగం ఇన్ మెయిల్.వాక్():
    పేరు = భాగం.గెట్_ఫైల్‌నేమ్()
    ఇఫ్ పేరు:
        ఓపెన్(పేరు, 'డబ్ల్యూబీ').రైట్(భాగం.గెట్_పేలోడ్(డీకోడ్=ట్రూ))

ఇది నడుస్తది కానీ ప్రతి మెయిల్ నుంచి సంతకం కింది లోగోలు, ఫేస్‌బుక్ గుర్తులు అన్నీ దిగుతున్నయి. అందరి లోగో పేరు ఇమేజ్001.పీఎన్‌జీయే, ఒకదాని మీద ఒకటి పడుతున్నయి. ఫార్వర్డ్ చేసిన కొన్ని మెయిల్స్ దగ్గర 'బైట్స్ కావాలె, నన్‌టైప్ వచ్చింది' అని టైప్‌ఎర్రర్ కొట్టి ఆగిపోతున్నది. ఫైల్ పేరు తెలుగుల ఉంటే ఈక్వల్ గుర్తు, ప్రశ్న గుర్తు, యూటీఎఫ్-8, బీ, తర్వాత పిచ్చి అక్షరాలు వస్తున్నయి.

పాలసీ.డిఫాల్ట్ (ఆ లైబ్రరీల కొత్త పార్సింగ్ నియమాలు) పెట్టి ఐటర్_అటాచ్‌మెంట్స్ వాడమన్నరు ఒకరు. లోగోలు పోయినయి, తెలుగు పేర్లు కూడా ఎందుకో సక్కగనే వచ్చినయి. కానీ ఇద్దరు ముగ్గురు సప్లయర్ల బిల్లులు అసలుకే వస్తలేవు. అదే మెయిల్ ఫోన్‌ల తెరిస్తే పీడీఎఫ్ కనవడుతున్నది. ఎర్రర్ కూడా లేదు. ఇంతకు ఏది వాడాలె?

తార్నాక_బైట్స్:

రెండూ తప్పు ఫంక్షన్లు కావు. మెయిల్‌ను మీరు వరుసగా పేర్చిన జాబితా అనుకుంటున్నారు, అది చెట్టు. వాక్ ఆ చెట్టంతా తిరుగుతుంది, ముందు తల్లి, తర్వాత పిల్లలు, లోతుకు దిగుతూ. కానీ చేతికి ఇచ్చేటప్పుడు ఏ కొమ్మ మీద నుంచి తెంపిందో చెప్పదు. ఐటర్_అటాచ్‌మెంట్స్ దానికి పూర్తిగా తిరుగుడు, మొదటి అంతస్తు పిల్లలను మాత్రమే చూస్తుంది, లోపలికి దిగదు. మీకు కావలసింది ఈ రెంటి మధ్యన ఉంది.

ముందు సమస్య ఉన్న మెయిల్ ఒకటి తీసుకుని దాని ఆకారం చూడండి. ఈమెయిల్.ఐటరేటర్స్‌లో _స్ట్రక్చర్ అని ఒకటుంది, మెయిల్‌ను ఇస్తే చెట్టును గీసి చూపిస్తుంది. ఔట్‌లుక్ నుంచి వచ్చినవి ఎక్కువగా ఇలా ఉంటాయి:

మల్టీపార్ట్/మిక్స్‌డ్
    మల్టీపార్ట్/రిలేటెడ్
        మల్టీపార్ట్/ఆల్టర్నేటివ్
            టెక్స్ట్/ప్లెయిన్
            టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్
        ఇమేజ్/పీఎన్‌జీ
    అప్లికేషన్/పీడీఎఫ్

ఇక్కడ ఐటర్_అటాచ్‌మెంట్స్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రిలేటెడ్ అనే పెద్ద మూటను 'ఇది ఉత్తరం ఒళ్లు' అని పక్కన పెట్టేస్తుంది, లోగో అందులోనే పోతుంది, పీడీఎఫ్ మిగులుతుంది. మీ మాయమైన బిల్లులు యాపిల్ మెయిల్ నుంచి వస్తున్నాయని నా అనుమానం. వాటి ఆకారం ఇది:

మల్టీపార్ట్/ఆల్టర్నేటివ్
    టెక్స్ట్/ప్లెయిన్
    మల్టీపార్ట్/మిక్స్‌డ్
        టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్
        అప్లికేషన్/పీడీఎఫ్
        టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్

వేరు దగ్గరే ఆల్టర్నేటివ్ ఉంది. ఆల్టర్నేటివ్ అంటే ఒకే విషయాన్ని రకరకాలుగా చెప్పిన రూపాలు, చివరిది అన్నిటికంటే నిండైనది. అలాంటి చోట అటాచ్‌మెంట్ అనేదే ఉండదని ఐటర్_అటాచ్‌మెంట్స్ లెక్క. అందుకే ఏమీ ఇవ్వకుండా, ఎర్రర్ కూడా లేకుండా, ఊరుకుంటుంది. అది తన డాక్యుమెంటేషన్ ప్రకారమే నడుస్తోంది, మెయిలే ఆ ఊహకు సరిపోలేదు. ఇదే మెయిల్‌లో ఇంకో చిక్కు: గెట్_బాడీ అడిగితే మొదటి హెచ్‌టీఎంఎల్ ముక్క మాత్రమే వస్తుంది, పీడీఎఫ్ కింద రాసిన మాటలు రావు.

మూడో రకం కూడా ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని లోగోనూ పీడీఎఫ్‌నూ కలిపి రిలేటెడ్ మూటలోనే పడేస్తాయి. ఆ మూటను దాటేస్తే బిల్లు కూడా దానితో పోతుంది. నాలుగోది, మిక్స్‌డ్‌లో మళ్లీ మిక్స్‌డ్. అప్పుడు ఐటర్_అటాచ్‌మెంట్స్ లోపలి మూటను మూటగానే చేతికి ఇస్తుంది, దానిమీద గెట్_కంటెంట్ పిలిస్తే కీఎర్రర్.

అందుకని నడిచేది మీరే రాసుకోండి, పది పన్నెండు లైన్లు:

డెఫ్ ఏరు(భాగం, తల్లి=నన్, లోతు=0):
    ఇఫ్ లోతు > 20:
        రిటర్న్
    ఇఫ్ భాగం.గెట్_కంటెంట్_మెయిన్‌టైప్() == 'మెసేజ్':
        యీల్డ్ తల్లి, భాగం
        రిటర్న్
    ఇఫ్ భాగం.ఈజ్_మల్టీపార్ట్():
        ఫర్ పిల్ల ఇన్ భాగం.ఐటర్_పార్ట్స్():
            యీల్డ్ ఫ్రమ్ ఏరు(పిల్ల, భాగం.గెట్_కంటెంట్_టైప్(), లోతు + 1)
        రిటర్న్
    యీల్డ్ తల్లి, భాగం

ఆకులు మాత్రమే బయటికి వస్తాయి, ప్రతి ఆకుతో పాటు తల్లి రకం కూడా వస్తుంది. ఆ 20 నేను పెట్టుకున్న హద్దు. మామూలు మెయిల్ నాలుగైదు అంతస్తులు దాటదు, కావాలని వందల మూటలు ఒకదానిలో ఒకటి దూర్చి పంపేవాళ్ల కోసం అది.

'మెసేజ్' దగ్గర ఆగడం ముఖ్యం. మీ టైప్‌ఎర్రర్ అక్కడిదే. ఫార్వర్డ్‌ను అటాచ్‌మెంట్‌గా పంపితే మెసేజ్/ఆర్ఎఫ్‌సీ822 అనే రకం వస్తుంది. దాని పేరు మల్టీపార్ట్ కాకపోయినా ఈజ్_మల్టీపార్ట్ దానికి ట్రూ అంటుంది, లోపల ఒక పూర్తి మెయిల్ జాబితాగా ఉంటుంది కాబట్టి. అలాంటిదాన్ని డీకోడ్=ట్రూ అని అడిగితే నన్ వస్తుంది, దాన్ని మీరు ఫైల్లో రాయబోయారు. పైగా వాక్ ఆగకుండా ఆ లోపలి మెయిల్‌లోకి కూడా దిగిపోతుంది. మెయిల్ చేరలేదని తిరిగొచ్చే బౌన్స్‌లలో ఉండే మెసేజ్/డెలివరీ-స్టేటస్ ఇంకా వింత. దాని లోపల హెడర్ల గుంపులే ఉంటాయి, వాక్ ఒక్కో గుంపునూ ఖాళీ టెక్స్ట్/ప్లెయిన్ భాగంగా చూపిస్తుంది.

ఇంకొకటి, ఇప్పుడే మార్చేయండి: స్ట్రింగ్ చేసి ఇవ్వడం మానేయండి. మెయిల్ అంటే బైట్లు. ఒక్కో భాగం ఒక్కో క్యారెక్టర్ సెట్‌లో ఉండొచ్చు, మీరు ముందే అంతటినీ ఒకే దానితో డీకోడ్ చేస్తే 8-బిట్‌గా వచ్చినవి పాడవుతాయి. మెసేజ్_ఫ్రమ్_బైట్స్(డేటా, పాలసీ=పాలసీ.డిఫాల్ట్) అని నేరుగా ఇవ్వండి. పాలసీ చెప్పకపోతే పైథాన్ పాత కంపాట్32 తీసుకుంటుంది, అప్పుడు వచ్చే పాత మెసేజ్ క్లాసులో ఐటర్_పార్ట్స్, గెట్_బాడీ, గెట్_కంటెంట్ ఏవీ ఉండవు.

రాణీగంజ్_స్పేర్స్:

_స్ట్రక్చర్ పెట్టి చూసిన అన్నా, మీరన్నదే. మాయమైన వాటిల రెండు వేరు దగ్గర ఆల్టర్నేటివ్ ఉన్నయి, ఒకటి రిలేటెడ్ లోపల పీడీఎఫ్. ఏరు ఫంక్షన్‌తోని మూడు కూడా దొరికినయి. కానీ లోగోలు మళ్లా వచ్చినయి. కంటెంట్-డిస్పొజిషన్ (ఉత్తరంలనే చూపాల్నా, అటాచ్‌మెంట్‌గా ఇయ్యాల్నా చెప్పే హెడర్) ఇన్‌లైన్ ఉంటే వదిలేయాల్నా? లేకుంటే కంటెంట్-ఐడీ (భాగానికి పెట్టిన గుర్తు పేరు) ఉన్నయన్నీ వదిలేయాల్నా?

సైనిక్‌పురి_అక్క:

రెండూ వద్దు తమ్ముడూ. యాపిల్ మెయిల్ పీడీఎఫ్‌లను కూడా ఇన్‌లైన్ అనే పంపుతుంది, చూసేవాడికి ఉత్తరంలోనే పేజీ కనపడాలని. జీమెయిల్ మామూలు అటాచ్‌మెంట్లకు కూడా కంటెంట్-ఐడీ తగిలిస్తుంది. ఏ ఒక్క హెడర్‌నీ నమ్మి వదిలేయకు. డిస్పొజిషన్ హెడర్‌ది 1997 నాటి ఆర్ఎఫ్‌సీ 2183 (ఆర్ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ నిబంధనల పత్రం). పంపేవాడు దాన్ని పెట్టకపోయినా మెయిల్ చెల్లుతుంది, అప్పుడు గెట్_కంటెంట్_డిస్పొజిషన్ నన్ ఇస్తుంది.

అడగాల్సిన ప్రశ్న వేరు: ఉత్తరం ఈ బొమ్మను వాడుకుంటోందా? హెచ్‌టీఎంఎల్‌లో బొమ్మను పిలిచే చోట 'సీఐడీ:' అని మొదలయ్యే చిరునామా ఉంటుంది. ముందు అన్ని టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ ఆకుల నుంచీ ఆ సీఐడీలన్నీ ఒక సెట్‌లో పోగెయ్. తర్వాత ఒక్కో ఆకు కంటెంట్-ఐడీ తీసుకుని, దాని చుట్టూ ఉండే కోణపు బ్రాకెట్లు తీసేసి, ఆ సెట్‌లో ఉందేమో చూడు. ఉంటే అలంకారం, లేకపోతే అటాచ్‌మెంట్. హెచ్‌టీఎంఎల్ వైపు చిరునామాలో శాతం గుర్తుల కోడింగ్ ఉండొచ్చు, అన్‌కోట్ చేశాకే పోల్చు. లేకపోతే ఐడీలో ప్రత్యేక గుర్తులున్న లోగోలు జల్లెడలోంచి జారిపోతాయి.

ఈ జల్లెడను బొమ్మలకు మాత్రమే పెట్టు. మెయిన్‌టైప్ ఇమేజ్ కానిది ఏదీ దీనివల్ల పోకూడదు. ఇంకో జాగ్రత్త: బిల్లును ఫోన్‌తో ఫొటో తీసి ఉత్తరం మధ్యలో అతికించేవాళ్లు ఉంటారు. అది కూడా సీఐడీ బొమ్మే, కోడ్ కంటికి లోగోకూ దానికీ తేడా లేదు. సైజు చూడటం తప్ప మార్గం లేదు. డీకోడ్ అయ్యాక 100 కేబీ దాటిన బొమ్మలను పారెయ్యకుండా 'చూడాల్సినవి' అని వేరే ఫోల్డర్‌లో వెయ్, మనిషి చూసుకుంటాడు. సంతకం లోగో అంత బరువుండటం అరుదు.

రకాన్ని కూడా గుడ్డిగా నమ్మకు. చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు పీడీఎఫ్‌ను అప్లికేషన్/ఆక్టెట్-స్ట్రీమ్ అని పంపుతాయి. అప్లికేషన్/పీడీఎఫ్ అని మాత్రమే వెతికితే సగం బిల్లులు ఇక్కడే పోతాయి. డీకోడ్ చేసిన బైట్ల మొదట్లో శాతం గుర్తు, వెంటనే పెద్దక్షరాల్లో పీ, డీ, ఎఫ్, తర్వాత హైఫన్ ఉన్నాయా చూడు. ఎక్సెల్ .ఎక్స్ఎల్ఎస్ఎక్స్ అయితే లోపల జిప్, పీ కే అని మొదలవుతుంది.

ఫార్వర్డ్‌ల సంగతి: ఏరు ఇచ్చిన ఆకు మెసేజ్/ఆర్ఎఫ్‌సీ822 అయితే భాగం.గెట్_కంటెంట్() పిలువు, లోపలి మెయిల్ మొత్తం ఈమెయిల్‌మెసేజ్‌గా వస్తుంది, దాన్ని మళ్లీ ఏరుకే ఇవ్వు. లోపలి మెయిల్ ఫ్రమ్, తేదీ తీసి రాసుకో, లేకపోతే ఫార్వర్డ్ చేసిన గుమాస్తా పేరు మీద సప్లయర్ బిల్లు ఎక్కుతుంది. సీఐడీ సెట్ మాత్రం ఏ మెయిల్‌ది ఆ మెయిల్‌కే వేరుగా కట్టు.

కూకట్‌పల్లి_కొలను:

పై ఇద్దరూ చెప్పింది పట్టుకుంటే చాలు. తెలుగు పేర్ల గురించి ఎవరూ విప్పి చెప్పలేదు కాబట్టి అది రాస్తున్నాను.

మీకు కనపడ్డ పిచ్చి అక్షరాలు ఆర్ఎఫ్‌సీ 2047 ప్రకారం చుట్టిన మాట. అసలు ఫైల్ పేరులో, కొటేషన్ల మధ్య, దాన్ని వాడకూడదని అదే ఆర్ఎఫ్‌సీ అంటుంది. పారామీటర్ల కోసం ఆర్ఎఫ్‌సీ 2231 వేరే ఉంది, అందులో ఫైల్‌నేమ్ పక్కన నక్షత్రం గుర్తు పెట్టి శాతం కోడింగ్‌లో రాస్తారు. పాటించేవాళ్లు పాటిస్తారు, మిగతావాళ్లు పాతదే తోస్తారు. పాత పాలసీ నిబంధన ప్రకారం పోయి దాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చేసింది, కొత్త పాలసీ తప్పని గుర్తిస్తూనే విప్పి ఇచ్చింది. మీకు 'ఎందుకో సక్కగ' రావడానికి కారణం అదే.

దీన్ని విప్పడానికి సొంతంగా రెజెక్స్ (అక్షరాల నమూనాను వెతికే సూత్రం) రాసినవాళ్లు తెలుగు దగ్గరే దొరికిపోతారు. చుట్టిన ఒక్కో మాట 75 అక్షరాలు దాటకూడదు. ముందు వెనక గుర్తులకు 12 పోతే 63 మిగులుతాయి, బేస్64 (మూడు బైట్లను నాలుగు మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) నాలుగేసి చొప్పున వెళ్తుంది కాబట్టి 60, అంటే 45 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చిన నంబర్) ఒక్కోటి 3 బైట్లు, గుణింతం గుర్తు కూడా ఒకటిగా లెక్కే, పొల్లు కూడా ఒకటే. అంటే ఒక ముక్కలో పట్టేది 15 కోడ్ పాయింట్లు. 'బేరింగులు' అనే మాటకే 9 పోతాయి, తేదీ, నంబర్ చేరితే రెండో ముక్క ఖాయం. క్యూ కోడింగ్‌లో ఇంకా ఇరుకు, ఒక్కో బైటుకు మూడు అక్షరాలు కాబట్టి 7 మాత్రమే. అక్షరం మధ్యలో ముక్క చేయొద్దని నిబంధన ఉన్నా, బైట్లను లెక్కపెట్టి కత్తిరించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. రెజెక్స్‌తో ఒక్కో ముక్కను విడిగా డీకోడ్ చేస్తే అతుకు దగ్గర వజ్రంలో ప్రశ్న గుర్తులు పడతాయి. పక్కపక్క ముక్కల బైట్లను ముందు కలిపి తర్వాత డీకోడ్ చేయాలి. లైబ్రరీకి వదిలేస్తే అది ఆ పని చేస్తుంది.

పేరు సరిగా వచ్చాక కూడా రెండు గుంటలున్నాయి. మీరు పైపులు అమ్ముతారో లేదో గానీ 'పైపు' మంచి ఉదాహరణ. ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా ఉండొచ్చు: ఒకే కోడ్ పాయింట్ 0సీ48, లేదా 0సీ46 పక్కన 0సీ56. చూపుకు తేడా లేదు, పోలిస్తే సమానం కాదు. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచేది, అక్కడి నుంచి వచ్చిన ఫైల్‌కు రెండో రూపం రావచ్చు. యూనికోడ్‌డేటా.నార్మలైజ్('ఎన్ఎఫ్‌సీ', పేరు) అని ఒక్కసారి తిప్పండి. రెండోది, లినక్స్ ఈఎక్స్‌టీ4లో పేరు హద్దు 255 బైట్లు, అంటే తెలుగులో 85 కోడ్ పాయింట్లే. సబ్జెక్ట్ అంతా ఫైల్ పేరుగా పెట్టే సప్లయర్ ఒక్కడున్నా చాలు, ఓఎస్ఎర్రర్ వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం: మెయిల్‌లో వచ్చిన పేరుతో నేరుగా ఓపెన్ చేయకండి. పేరులో చుక్క చుక్క స్లాష్ పెట్టి పంపితే మీ ఫోల్డర్ దాటి బయట రాస్తుంది. బ్యాక్‌స్లాష్‌లను కూడా స్లాష్‌గా మార్చి చివరి ముక్క మాత్రమే ఉంచుకోండి. ఇంకా మంచిది, ఫైల్‌ను దాని షా256 విలువ (ఫైల్ బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) పేరుతో దాచి, వచ్చిన పేరును డేటాబేస్‌లో రాసుకోవడం. అప్పుడు పదిమంది ఇన్వాయిస్.పీడీఎఫ్ అని పంపినా ఒకదాని మీద ఒకటి పడవు, ఫార్వర్డ్‌లో మళ్లీ వచ్చిన అదే ఫైల్ రెండోసారి చేరదు. సాఫ్ట్‌వేర్ అదే బిల్లును కొత్తగా తయారు చేసి పంపితే మాత్రం లోపలి టైమ్ మారి విలువ మారిపోతుంది. ఆ డూప్లికేట్‌ను పట్టేది బిల్లు నంబరే.

అల్వాల్_వైర్లు:

ఇంత మెయిల్‌ను మొత్తం దించడం ఎందుకు అని నా మాట. ఐమ్యాప్ సర్వర్ దగ్గర చెట్టు ఆకారం ముందే ఉంటుంది. ఫెచ్‌లో బాడీస్ట్రక్చర్ అడగండి, ప్రతి భాగం రకం, పేరు, కంటెంట్-ఐడీ, సైజు వస్తాయి, ఒళ్లు రాదు. నంబర్లు ఒకటి నుంచి మొదలు. మిక్స్‌డ్‌లో ఆల్టర్నేటివ్, పీడీఎఫ్ ఉంటే ప్లెయిన్ 1.1, హెచ్‌టీఎంఎల్ 1.2, పీడీఎఫ్ 2. మూటలు లేని ఒంటి మెయిల్‌కు కూడా 1 ఉంటుంది. మూడో భాగం ఫార్వర్డ్ అయి, లోపల మల్టీపార్ట్ ఉంటే దాని పిల్లలు 3.1, 3.2. బాడీ.పీక్[2] అంటే ఆ పీడీఎఫ్ మాత్రమే దిగుతుంది. పీక్ లేకుండా బాడీ[2] అంటే మెయిల్ చదివినట్టు గుర్తు పడిపోతుంది, దుకాణంలో అదే బాక్స్ చూసే మనిషికి కొత్త మెయిల్ కనపడదు.

ఇలా దిగిన ముక్క ఇంకా బేస్64లోనే ఉంటుంది, విప్పుకోవడం మన పని. బాడీస్ట్రక్చర్ చెప్పే సైజు కూడా చుట్టిన తర్వాతిదే: 57 బైట్లు 76 అక్షరాల లైనవుతాయి, లైను చివరి రెండు కలిపి 78. అంటే 10 ఎంబీ ఫైల్ 13.7 ఎంబీ అని కనపడుతుంది. అక్క చెప్పిన 100 కేబీ హద్దును ఇక్కడ వాడితే ఆ లెక్కన 137 కేబీ పెట్టుకోవాలి.

ఒక కష్టం ఉంది: పైథాన్ ఐమ్యాప్‌లిబ్ బాడీస్ట్రక్చర్‌ను విప్పదు, బ్రాకెట్ల కుప్ప మొహాన కొడుతుంది. ఐమ్యాప్‌క్లయింట్ లైబ్రరీ విప్పి ఇస్తుంది.

తార్నాక_బైట్స్:

రోజుకు వంద మెయిల్స్ లోపయితే అల్వాల్ గారి దారి అవసరం లేదని నా అభిప్రాయం. మొత్తం దించి అసలు బైట్లను .ఈఎంఎల్‌గా దాచుకుంటే, రేపు జల్లెడలో తప్పు తేలినా మళ్లీ తిప్పుకోవచ్చు. డిజిటల్ సంతకం ఉన్న మల్టీపార్ట్/సైన్డ్ మెయిల్స్‌ను కూడా వచ్చిన బైట్లుగానే దాచండి, పార్స్ చేసి మళ్లీ రాయిస్తే లైన్ల మడతలు మారి సంతకం చెల్లకుండా పోవచ్చు.

నా కోడ్‌లో ఒక లోటు చెప్పడం మరిచాను. హెడర్‌లో మల్టీపార్ట్ అని ఉండి, హద్దు గీత ఒళ్లో ఎక్కడా దొరకకపోతే, పైథాన్ ఎర్రర్ ఇవ్వదు. ఒళ్లంతా ఒకే స్ట్రింగ్‌గా పెట్టి, ఈజ్_మల్టీపార్ట్‌కు ఫాల్స్ అంటుంది. అది ఏరు నుంచి ఆకులాగే బయటికొస్తుంది, గెట్_కంటెంట్ పిలిస్తే కీఎర్రర్. ఆకు మెయిన్‌టైప్ మల్టీపార్ట్ అయితే భాగం.డిఫెక్ట్స్‌ను (పార్స్ చేసేటప్పుడు దొరికిన లోపాల జాబితా) లాగ్‌లో రాసి ఆ మెయిల్‌ను 'చూడాల్సినవి'లో వేయండి. క్యారెక్టర్ సెట్ పేరు పిచ్చిదైతే టెక్స్ట్ భాగాల దగ్గర లుకప్‌ఎర్రర్ రావచ్చు. అప్పుడు గెట్_పేలోడ్(డీకోడ్=ట్రూ)తో బైట్లు తీసుకుని యూటీఎఫ్-8, ఎర్రర్స్='రిప్లేస్' పెట్టి చదవండి. సీఐడీలు వెతకడానికి అది చాలు.

రాణీగంజ్_స్పేర్స్:

అందరు చెప్పినట్టు పెట్టిన, పోయిన వారం మెయిల్స్ మీద మళ్లా తిప్పిన. పీడీఎఫ్‌లన్నీ వచ్చినయి, లోగోలు రెండే మిగిలినయి, వాటి ఐడీల శాతం గుర్తులున్నయి, అన్‌కోట్ పెడితే అవి కూడా పోయినయి. ఒక్క సప్లయర్‌ది మాత్రం పీడీఎఫ్ లేదు, విన్‌మెయిల్.డాట్ అని ఒక ఫైల్ ఉన్నది, రకం అప్లికేషన్/ఎంఎస్-టీనెఫ్. పీడీఎఫ్ గుర్తు కూడా లేదు మొదట్ల.

సైనిక్‌పురి_అక్క:

అది ఔట్‌లుక్ రిచ్ టెక్స్ట్ మూట, బిల్లు దాని లోపలే ఉంది. మెయిల్ చెట్టుకు అది ఒక ఆకే, ఎంత తిప్పినా లోపలికి పోలేవు. పైథాన్‌లో టీనెఫ్‌పార్స్ అనే లైబ్రరీ ఉంది, బైట్లు ఇస్తే లోపలి అటాచ్‌మెంట్లు ఇస్తుంది, వాటికి కూడా అదే పీడీఎఫ్ పరీక్ష పెట్టు. అంతకంటే ముందు ఆ సప్లయర్‌కు ఫోన్ చేసి, ఔట్‌లుక్‌లో మెసేజ్ ఫార్మాట్ రిచ్ టెక్స్ట్ నుంచి హెచ్‌టీఎంఎల్‌కు మార్చమను.